నియాజ్ పళ్ళెం ముందు
(స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలోనో, ఆమె తన పేరిట బోర్డులూ బిరుదులూ పెట్టవద్దని గట్టిగా చెప్పి వెళ్ళారు. అందుకే ఆహ్వానపత్రంలో వేసినట్టే నేనూ టీచరమ్మ గారనే అంటాను. దబీర్‌పురా గల్లీలో ఆమెని అందరూ పిలిచింది అలాగే.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం 'దైనందిన జీవితంలో క్రైస్తవ విశ్వాసం'. ఈ శీర్షిక కింద ఏమైనా మాట్లాడవచ్చు. ప్రేమ, క్షమ, ప్రార్థన, నిజాయితీ అని నాలుగు మాటలు చెప్పి దిగిపోవచ్చు. టీచరమ్మ గారు ముందు వరుసలో ఉండి ఉంటే, ఆ నాలుగో మాట దగ్గర కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకోవడం మొదలుపెట్టేవారు. విసుగొచ్చిందనడానికి అది గుర్తు. కాబట్టి ఒక్క విషయానికే కట్టుబడతాను. తిండి. ఇరుగుపొరుగు పంపిన పళ్ళెం గడప దగ్గరికొస్తే క్రైస్తవుడు ఏం చేయాలి? తినాలా, వద్దనాలా?

ఇది చిన్న ప్రశ్న అనుకునేవాళ్ళు దబీర్‌పురాలో కాపురముండి ఉండరు. ఈ హైదరాబాద్ నగరం 1591లో వెలిసింది, తర్వాత దాని చుట్టూ గోడ లేచింది. ఆ గోడకి 13 దర్వాజాలు ఉండేవి. ఇవాళ నిలిచినవి రెండే, పురానాపూల్ దర్వాజా ఒకటి, మన దబీర్‌పురా దర్వాజా ఒకటి. కాచిగూడ నుంచి ఫలక్‌నుమా వైపు వెళ్ళే ఎం.ఎం.టి.ఎస్. రైలు మలక్‌పేట దాటాక ఇక్కడ ఆగుతుంది. షియాల పవిత్ర స్థలం బీబీ కా అలావా ఇక్కడే ఉంది. మొహర్రం పదో రోజున బీబీ కా ఆలం అనే పీరు ఏనుగు మీద బయలుదేరేది ఆ గుమ్మం నుంచే, చాదర్‌ఘాట్ దాకా. అటు దారుల్‌షిఫా, ఇటు నూర్‌ఖాన్ బజార్, చుట్టూ తరాలుగా స్థిరపడిన షియా కుటుంబాలు. మధ్యలో హిందువుల ఇళ్ళు. క్రైస్తవుల ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. టీచరమ్మ గారి కుటుంబం ఆదివారం చర్చికి మూసీ దాటి వెళ్ళేది.

ఇలాంటి చోట సంవత్సరం పొడుగునా పళ్ళేలు తిరుగుతూనే ఉంటాయి. మొహర్రంలో సబీళ్ళ దగ్గర షర్బత్తు, ఇళ్ళలోకి దమ్ కే రోట్. రంజాన్‌లో ఇఫ్తార్ పళ్ళూ హలీమూ, పండగ పొద్దున షీర్ ఖుర్మా. బక్రీద్‌కి మాంసం వాటా. ఆషాఢంలో బోనం బెల్లమన్నం, చవితికి లడ్డు ముక్క. డిసెంబరు వస్తే మనవైపు నుంచి అరిసెలు, గులాబీ పువ్వులు, కేకు. వచ్చిన గిన్నెని ఖాళీగా తిరిగి పంపకూడదన్నది ఇక్కడ అన్ని మతాలవాళ్ళూ పాటించే మర్యాద. ఇంట్లో ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెరైనా వేసి పంపుతారు. టీచరమ్మ గారి వంటింట్లో ఒక అర నిండా ఎవరివో గిన్నెలే ఉండేవి. ఏ గిన్నె ఎవరిదో అడుగున చెక్కిన పేర్లు చూడకుండానే చెప్పేవారు.

వీటన్నిటిలోకీ కూండే వేరు. రజబ్ నెల 22న ఇమామ్ జాఫర్ సాదిఖ్ పేరిట నియాజ్, అంటే నైవేద్యం, చేసి, మట్టి కూండాల్లో ఖీరూ పూరీలూ పెడతారు. ఆ రోజు వంటకాన్ని గడప దాటించకపోవడం చాలా ఇళ్ళలో ఆచారం. పిలిచిన ఇంటికి వెళ్ళి, దస్తర్‌ఖాన్ దగ్గర, అంటే భోజనానికి పరిచిన గుడ్డ దగ్గర, కూర్చుని, అక్కడే తిని రావాలి. పంపిన పళ్ళేన్నయితే తీసుకుని పక్కన పెట్టేసి, ఎవరికీ తెలియకుండా పనిమనిషికి ఇచ్చేయవచ్చు. చాలామంది భక్తులు చేసే పని అదే, దాన్ని నేను భక్తి అనను. కూండేకి ఆ దారి లేదు. వెళ్తావా, మానతావా అన్నది నలుగురి ముందూ తేలిపోతుంది.

మన సంఘాల్లో దీని మీద రెండు పక్షాలున్నాయి. విగ్రహార్పితం ముట్టకూడదు, ఇంకే పేరిట ఇచ్చినదైనా అంతే అన్నది ఒక పక్షం. అంతా దేవుడి సృష్టే, తింటే ఏమైంది అన్నది రెండో పక్షం. మొదటి పక్షాన్ని మూర్ఖత్వమని తీసిపారేయడం ఈమధ్య ఫ్యాషనైంది. వాళ్ళకీ ఆధారముంది. అపొస్తలుల కార్యములు పదిహేనో అధ్యాయంలో యెరూషలేము పెద్దలు అన్యులలోంచి వచ్చిన విశ్వాసులకు పెట్టిన కొద్దిపాటి నియమాల్లో విగ్రహార్పితాన్ని విసర్జించడం ఒకటి. ప్రకటన గ్రంథంలోనూ పెర్గము, తుయతైర సంఘాలకు ఇదే విషయంలో చీవాట్లు పడ్డాయి.

అయితే ఈ ప్రశ్నని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసినవాడు పౌలు. క్రీ.శ. 55 ప్రాంతంలో కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలో, ఎనిమిదో అధ్యాయం నుంచి పదో అధ్యాయం దాకా, మధ్యలో పక్కదారులు పట్టినా, ఆయన మాట్లాడుతున్నది దీని గురించే. కొరింథు రెండు రేవుల నడుమ వర్తకంతో బతికిన పట్టణం. గుళ్ళలో బలిచ్చిన పశువుల మాంసంలో కొంత అంగడికి చేరేది. ఏ ముక్క గుడి నుంచి వచ్చిందో, ఏది రాలేదో కొనేవాడికి తెలిసేది కాదు. పైగా బంధువులు, పనిచ్చే యజమానులు విందుకి పిలిచేది గుడి ఆవరణలోని భోజనశాలలకి. పేద విశ్వాసికి ఏడాదికి ఎన్నిసార్లు మాంసం దొరికేదో మనం ఊహించుకోవచ్చు. దొరికిన నాలుగుసార్లూ ఇలాంటి పండగలవే అయితే, వద్దనడం ఎంత కష్టం!

పౌలు ఈ చిక్కుని విడదీసి చూస్తాడు. గుడిలో పూజలో భాగంగా కూర్చుని తినడం కుదరదు, ప్రభువు బల్లా ఆ బల్లా రెండూ చెల్లవు. అంగడిలో అమ్మేది కొనుక్కుని తిను, ఆరాలు తీయకు. అన్యుడు భోజనానికి పిలిస్తే వెళ్ళు, పెట్టింది తిను. అక్కడ ఎవరైనా ఇది బలి మాంసమని చెబితే మాత్రం ఆపు. ఆపేది నీ మనస్సాక్షి కోసం కాదు, చెప్పినవాడి మనస్సాక్షి కోసం. ఈ చివరి మాట నాకు చాలాకాలం కొరుకుడు పడలేదు. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

అంగడి మాట వచ్చింది కాబట్టి ఒక పక్క మాట. ఈమధ్య కొందరు బోధకులు హలాల్ మాంసం క్రైస్తవులు కొనకూడదంటున్నారు. దబీర్‌పురాలో ఆ బోధ పట్టుకుంటే జీవితాంతం వంకాయతోనే సరిపెట్టుకోవాలి. అది అటుంచితే, ఆరా తీయవద్దని పౌలు విడిగా చెప్పిన చోటే ఆరాలు తీయమనడం వింతగా ఉంది. ఇన్ని తరాలుగా ఈ కసాయి దుకాణాల్లో కొనుక్కుని క్రిస్మస్ బిర్యానీ వండుకున్న మన పెద్దల విశ్వాసానికి ఏ లోటూ రాలేదు.

ఇప్పుడు దబీర్‌పురా వదిలి ఒంగోలు వెళ్దాం. అక్కడ కథ తిరగబడుతుంది. అక్కడ తినకపోవడమే విశ్వాసమైంది.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. ఆ ఏడాదే బాప్తిస్మం తీసుకున్న యెర్రగుంట్ల పేరయ్య మాదిగ, తోళ్ళ వ్యాపారి. సరుకు కోసం ఏలూరు వైపు తిరిగేవాడు. దొర గుర్రమెక్కి వచ్చి బోధించాడని మనం చెప్పుకుంటాం కానీ, ఆ ప్రాంతంలో సువార్త నడిచింది పేరయ్యలాంటివాళ్ళ కాళ్ళ మీద, తోళ్ళు కొనే చోట, చుట్టరికాల దారుల్లో. వ్యాపారం వేరు, భక్తి వేరు అనుకునే వెసులుబాటు ఆయనకి లేదు. తోలు బేరం కుదిరిన అరుగు మీదే క్రీస్తు మాట కూడా చెప్పాడు.

కొత్తగా చేరినవాళ్ళకి అక్కడ చెప్పిన నియమాలు మూడు: ఆదివారం పని చేయవద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. చదవడం రానివాళ్ళకి గుర్తుండేలా పెట్టిన మాటలు. ఇవాళ చదివితే సండే స్కూలు పాఠంలా కనిపిస్తాయి. ఆ రోజుల్లో ఒక్కో మాట ఊరి కట్టుబాటుని ఎక్కడ తాకిందో చూడండి. కోతలప్పుడు కూలివాళ్ళు ఆదివారం రామంటే రైతుకి నష్టం. జాతరలో డప్పు కొట్టబోమంటే పండగ ఆగిపోతుంది. ఇక గొడ్డు విషయం. ఊళ్ళో పశువు చస్తే మోసుకెళ్ళాలి, తోలు ఒలిచి చెప్పులూ మోట బొక్కెనలూ కుట్టివ్వాలి, దానికి బదులు కళ్ళంలో కొంత గింజ, చచ్చిన గొడ్డు మాంసం. ఆ మాంసం కూలిలో భాగం. 'తినం' అన్నవాడు ఆకలి ఎంచుకున్నాడన్నమాట. తన ఒంటికి వేసిన ముద్రని తనే చెరిపేసుకున్నాడన్నమాట కూడా. ఊరు రెండోదాన్నే సహించలేకపోయింది. బావుల దగ్గర అడ్డగించారు, చాకలి మంగలి సేవలు ఆపారు, దొంగతనం అంటగట్టి కేసులు పెట్టారు. మాంసం మానేసినందుకు మనిషిని జైల్లో పెట్టిన దేశం మనది!

ఆ వెంటనే 1876-78 కరువు. క్లౌ మిషనరీ కాకముందు భూమి సర్వే చేసినవాడు. బకింగ్‌హాం కాలువలో 3.5 మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకి తీసుకుని, వేలమందికి పని పెట్టి కూలి ఇచ్చాడు. ఆ కూలీలలో ఎందరో బాప్తిస్మం అడిగారు, ఆయన ఇవ్వలేదు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా ఆపేశాడు. కరువు పని ముగిశాక, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యని మిషనరీ పుస్తకాలన్నీ ఎత్తి చూపిస్తాయి. నాకు దానికంటే ముందు గడిచిన ఆ ఖాళీ నెలలే పెద్దవిగా కనిపిస్తాయి. చేతిలో తిండి ఉన్నవాడు దాన్ని ఎరగా వాడకుండా నిలవడం, అదీ చుట్టూ జనం చస్తున్నప్పుడు!

కొరింథులో తినమన్నారు, ఒంగోలులో వద్దన్నారు. రెండు చోట్లా కొలత ఒకటేనని నేను అనుకుంటాను. ఈ ముద్ద ఎదుటి మనిషికి ఏమవుతుంది, నన్ను ఏం చేస్తుంది? నన్ను మనిషి కన్న తక్కువవాడిగా ఉంచేందుకు పెట్టిన తిండిని తోసేయాలి. నన్ను తమలో ఒకడిగా కూర్చోబెట్టేందుకు పెట్టిన తిండిని తోసేస్తే, అవమానం పెట్టినవాళ్ళది. పళ్ళెంలో ఉన్న పదార్థాన్ని చూసి తీర్పు చెప్పేవాళ్ళకి ఈ తేడా అందదు.

పంక్తి దగ్గర తప్పటడుగు వేసినవాళ్ళలో మొదటివాడు పేతురే. అంతియొకయలో అన్యులతో కలిసి తింటున్నవాడు, యెరూషలేము నుంచి మనుషులు రాగానే లేచి దూరం జరిగాడు. పౌలు ముఖం మీదే నిలదీశాడని గలతీ పత్రిక చెబుతుంది. సిద్ధాంతంలో పేతురుకి ఏ తేడా లేదు, చూసేవాళ్ళని బట్టి లేచాడు. మన దగ్గర ఈ రోగం తరతరాలది. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో, అప్పటికి దోర్నకల్‌లో పనిచేస్తున్న వి.ఎస్. అజరయ్య లేచి, విదేశీ మిషనరీల త్యాగాల్ని మెచ్చుకుంటూనే, భారతీయులతో వాళ్ళకి స్నేహం కుదరడం లేదని మొహమాటం లేకుండా చెప్పాడు. సభలో చాలామందికి అది రుచించలేదు. రెండేళ్ళ తర్వాత, 1912లో, ఆయనే ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పయ్యాడు.

దొరల్ని అనడం సులువు. మన సంగతేమిటి? ఒంగోలు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ, గుంటూరు లూథరన్లలో మాలలు ఎక్కువ. ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె విరిచి, పెళ్ళి సంబంధం మాట రాగానే గోత్రంలాగా సంఘం పేరు అడిగే పెద్దల్ని ఈ హాల్లోనే చూపించగలను. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా హిందువుల వైపూ క్రైస్తవుల వైపూ దెబ్బ తిన్నాడు. కవిగా సభకి పిలిచినవాళ్ళు కులం తెలిసి ముఖం తిప్పుకున్నారు. హిందూ కథలు రాస్తున్నాడని క్రైస్తవులూ గునిశారు. ఆ అవమానాలు 'నా కథ'లో ఆయనే చెప్పుకున్నాడు. 'క్రీస్తు చరిత్ర'కి 1964లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చాక అందరూ మావాడన్నారు, అది వేరే సంగతి.

సంఘంలోని ఈ కులభేదానికి మన నగరంలోనే ఒక విరుగుడు ప్రయత్నం జరిగింది. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, కెనడాలో క్రైస్తవుడైన బక్త్ సింగ్ 1950లో హైదరాబాద్ వచ్చి గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర హెబ్రోను అనే ఆరాధన కేంద్రం నెలకొల్పాడు. ఆయన సభల్లో కుర్చీలుండవు, అందరూ చాపల మీదే. ఆరాధన గంటల తరబడి సాగి, ఆ తర్వాత ప్రేమ విందు. ఐ.ఏ.ఎస్. అధికారి పక్కన రిక్షా కార్మికుడు, ఒకే అన్నం, ఒకే పప్పు. ఆయన ప్రసంగాలు నాకు కొన్నిసార్లు మరీ కఠినంగా అనిపిస్తాయి, ఆ మాట దాచను. అయినా ఆ చాప మీద మోకాలు మోకాలుకి తగిలేలా కూర్చోవడం ఎన్నో ప్రసంగాలు చేయలేని పని చేసింది. 2000 సెప్టెంబరులో ఆయన పోయినప్పుడు నారాయణగూడ సమాధుల తోట దాకా జనం కిక్కిరిసి నడిచారు.

ఆ విందు విశ్వాసుల విందు. దబీర్‌పురా అడిగేది ఇంకో అడుగు, మనది కాని దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోవడం.

ఆ అడుగు వేసిన సంస్థ ఒకటి మన ఊళ్ళోనే ఉంది. ఉర్దూలోకి కొత్త నిబంధన అనువదించిన హెన్రీ మార్టిన్ పేరిట 1930లో లాహోరులో మొదలై, ఊళ్ళు మారి, 1971లో హైదరాబాద్ చేరిన హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్. ముస్లింల మధ్య సువార్త పనికి మనుషుల్ని తయారుచేయడానికి పెట్టిన సంస్థ అది. 1990 డిసెంబరు అల్లర్లలో పాతబస్తీ రక్తమోడాక, ఆ సంస్థ మనుషులు సుల్తాన్‌షాహీ లాంటి గల్లీల్లోకి వెళ్ళి, హిందూ ముస్లిం పిల్లలు కలిసి కూర్చునే బడి, ఆడవాళ్ళకి కుట్టుపని మొదలుపెట్టారు. సువార్త వదిలేశారని క్రైస్తవుల్లోనే విమర్శ వచ్చింది. ఆ విమర్శని నేను పూర్తిగా కొట్టిపారేయను, తాను ఎవరో చెప్పుకోని స్నేహం సగం స్నేహమే. కానీ శవాలు లేచిన గల్లీలో మొదట చేయాల్సిన పని ఏదో వాళ్ళు సరిగ్గానే పోల్చుకున్నారు. అక్కడ పనిచేసిన డయాన్ డిసౌజా పాతబస్తీ షియా స్త్రీల మజ్లిసుల్లో, అంటే సంతాప సభల్లో, ఏళ్ళ తరబడి కూర్చుని, విని, 2014లో 'పార్ట్‌నర్స్ ఆఫ్ జైనబ్' అని ఇంగ్లీషులో పుస్తకం రాశారు. మన గల్లీ పక్కన ఏడ్చే ఆడవాళ్ళ భక్తి గురించి మనకి ఒక క్రైస్తవ స్త్రీ ద్వారా తెలియాల్సి వచ్చింది. మనం మాత్రం వాళ్ళు గుండెలు బాదుకునే మాతం చప్పుడుకి కిటికీలు మూసుకున్నాం.

ఇప్పుడు ఆ కొరుకుడు పడని మాట. ఇది బలి అని ఎవరైనా చెబితే తినవద్దన్నాడు పౌలు. దబీర్‌పురాలో ప్రతి ఒక్కరూ చెప్పే పెడతారు. పళ్ళెం ఇచ్చే పిల్లాడి నోట మొదటి మాటే 'నియాజ్ హై, టీచరమ్మా'. అక్షరం పట్టుకుంటే ఆ పళ్ళెం వెనక్కి పోవాలి. ఇదే మాట ఒకసారి టీచరమ్మ గారిని అడిగాను. ఆమె చేతిలో చాట ఉంది, బియ్యం ఏరుతున్నారు. తలెత్తకుండానే, "ఎందుకు చెబుతున్నారో చూడు నాయనా. నేను వాళ్ళ మతంలో కలిశానని అనుకుని చెప్పడం లేదు. నేను ఫలానా అని తెలిసి, తినాలో వద్దో నన్నే తేల్చుకోమని చెబుతున్నారు. అది వాళ్ళ మర్యాద" అన్నారు. పౌలు కాపాడమన్నది చెప్పినవాడి మనస్సాక్షిని. ఇక్కడ చెప్పినవాళ్ళకి తికమక ఏమీ లేదు. టీచరమ్మ గారు కూండేకి వెళ్ళి, తలొంచి ప్రభువు పేరిట స్తుతి చెప్పుకుని, అందరూ చూస్తుండగా తినేవారు. ఆమె ఎవరి పేరిట తింటున్నారో దస్తర్‌ఖాన్ చుట్టూ ఉన్నవాళ్ళందరికీ తెలుసు. ఇది వ్యాఖ్యానమే, శాసనం కాదు. వేదాంత కళాశాల నుంచి వచ్చిన మిత్రులు ఒప్పుకోకపోవచ్చు. చర్చకి సమయం ఉంచాను, నిలదీయండి.

ఒప్పుకోనివాడు ఆమె ఇంట్లోనే ఉన్నాడు. ఆమె తమ్ముడు బోనం అన్నం గానీ నియాజ్ గానీ ముట్టేవాడు కాదు. ఆమె బలవంతం చేయలేదు, బలహీనుడన్న మాట కూడా అనలేదు. అక్క వెంట ఆయనా కూండేకి వెళ్ళేవాడు, దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చునేవాడు, ఖీరు మాత్రం తీసుకునేవాడు కాదు. మొదటి ఏడు ఆ ఇంటి పెద్దావిడ నొచ్చుకుంది. కారణం అడిగితే దాచకుండా, గొంతు పెంచకుండా చెప్పాడు. మరుసటి ఏడు ఆమె రెండు అరటిపళ్ళు విడిగా తెప్పించి, ఇవి బజారువి, వీటి మీద ఏమీ చదవలేదని చెప్పి ఆయన ముందు పెట్టింది. ఆయన తిన్నాడు.